గిన్నెలు దించే బొంతలు

మా అత్తగారు మన దేశం నుంచి చాండ్లర్‌లో మా ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున్నే, పొయ్యి మీద పొంగుతున్న పాలగిన్నెను రెండు చేతులతో పట్టుకుని దించారు. మసిగుడ్డ లేదు, పట్టకారు లేదు, కనీసం కొంగైనా అడ్డం పెట్టుకోలేదు. దించి కౌంటర్ మీద పెట్టి, "ఈ పాలకి మీగడ కట్టదేంటమ్మాయ్, ఉత్త నీళ్ళే" అని మాట్లాడుతూనే ఉన్నారు. నేను నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. నాకు కాఫీ కప్పు చెవి పట్టుకుంటేనే చురుక్కుమంటుంది.

అప్పటికి నాకు ఏడో నెల. పురిటికి రావలసింది మా అమ్మ. అమ్మకి వీసా ఇవ్వలేదు. మా ఆయన ఒక్కరోజు కూడా ఆలోచించకుండా వాళ్ళమ్మకి టికెట్ బుక్ చేశారు. ఆవిడ రావడం నాకు కొంచెం ధైర్యంగానూ, కొంచెం గుబులుగానూ ఉంది. పెళ్ళయ్యాక మేమిద్దరం ఒక ఇంట్లో కలిసి ఉన్నది పండగలకీ పెళ్ళిళ్ళకీ మాత్రమే. మీగడ లేని పాల నుంచి మొదలుపెట్టి ఇంకెన్నిటికి పేర్లు పెడతారో అనుకున్నాను.

పేర్లు పెట్టలేదు. వంటిల్లు మాత్రం ఆవిడదైపోయింది. శని ఆదివారాలు మా ఆయన స్నేహితులు భోజనానికి వచ్చేవాళ్ళు. వాళ్ళ కళ్ళ ముందే మా అత్తగారు సాంబారు గిన్నె వట్టి చేతులతో తెచ్చి టేబుల్ మీద పెట్టేవారు. పక్క బిల్డింగ్‌లో ఉండే కరీంనగర్ అమ్మాయి చూసి, "ఆంటీ, మీకు కాలదా? ఎట్ల పట్టుకున్నరు?" అని అడిగింది.

"అలవాటే తల్లీ. మా అత్తగారైతే నిప్పుకణిక అరచేతిలో వేసుకుని పక్క పొయ్యిలోకి మార్చేవారు."

"మా అమ్మ చేతులంటే ఏమనుకున్నారు మరి" అని మా ఆయన అందరి వైపూ చూసి నవ్వారు. మనవాళ్ళలో చెయ్యి కాలని ఆడదానికి ఉండే గౌరవం అంతా ఇంతా కాదు. పెనం మీది అట్టు వేళ్ళతో తిప్పే పెద్దమ్మ, కుక్కరు మూత చేత్తో లాగేసే పిన్ని ప్రతి ఇంటికీ ఒకరుంటారు. ఎందుకు కాలడం లేదని వాళ్ళనెవరూ అడగరు. నేనూ అడగలేదు. నా చేతులు చూసుకుని సిగ్గుపడ్డాను.

ఆ రోజుల్లో నాకు పని లేదు. డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. బీపీ ఉందని డాక్టరు ఎక్కువగా తిరగొద్దంది. ఈ ఎడారి ఊరి ఎండ చూస్తే బయట అడుగుపెట్టేలా లేదు. ఇళ్ళ ముందు పాత సామాన్లు అమ్మే గరాజ్ సేల్‌లో దొరికిన పాత కుట్టుమిషను ఒకటి ఇంట్లో ఉంటే, దాని ముందు కూర్చుని, మసిగుడ్డకి బదులు వాడే హాట్ ప్యాడ్‌లు కుట్టడం మొదలుపెట్టాను. బట్టల షాపులో గుడ్డ కొలిచి కోసే ముసలావిడ ఎలా కుట్టాలో చెప్పింది. పైనా కిందా నూలుగుడ్డ, మధ్యలో దూది పొర, దానికి తోడు వేడిని ఆపే మెరుపు పొర ఒకటి. పాలిస్టర్ జోలికి మాత్రం వెళ్ళొద్దు, కరిగి చేతికి అంటుకుంటుంది అని మరీ మరీ చెప్పింది.

నా మొదటి ప్యాడ్ నాలుగు మూలలూ నాలుగు రకాలుగా వచ్చింది. మా అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇదేంటి, బొమ్మకి కప్పే బొంతలాగుంది."

"గిన్నెలు దించుకోడానికి అత్తయ్యా."

"దీనికి మిషనెందుకు? ఇటివ్వు."

ఆవిడ పెట్టె తెరిచి పాత నేతచీరలు తీశారు. పుట్టబోయే బిడ్డకి పొత్తిగుడ్డలని దాచి తెచ్చినవి. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన చీరలు. మెత్తటి నడిమి భాగమంతా పొత్తిగుడ్డలకు చింపి, మిగిలిన అంచులూ కొంగులూ బుల్లి బొంతలకు తీశారు. ఆవిడ జీవితమంతా బొంతలు కుట్టిన మనిషి. పొరలన్నీ పరిచి, ముడతలు అరచేత్తో సాఫుచేసి, కదలకుండా పెద్ద పెద్ద టాకాలు వేసి, కుట్టు నడిమధ్య నుంచి మొదలుపెట్టి అంచులకు తీసుకుపోయేవారు. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డంతా మధ్యలో ఉబ్బిపోతుందట. నేను చేసిన తప్పు సరిగ్గా అదే. చుట్టూ పట్టీ వేయడం, మూల మడవడం, తగిలించడానికి ఒక ఉంగరంలాంటి పట్టీ పెట్టడం నా వంతు. మధ్యాహ్నాలు మేమిద్దరం సోఫాకి చెరో వైపు కూర్చుని కుట్టుకునేవాళ్ళం. ఆవిడతో నాకు చనువు ఏర్పడింది అప్పుడే. ఆ మాట ఒప్పుకోవాలి.

కుడుతూ ఆవిడ చెప్పే కబుర్లన్నీ స్నానం చుట్టూనే తిరిగేవి. వాళ్ళ ఇళ్ళలో పుట్టిన ప్రతి బిడ్డకీ నీళ్ళు పోసింది తనేనట. కాళ్ళు చాపుకుని కూర్చోవాలి, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకోవాలి, నూనె రాసి సున్నిపిండితో నలిచి చెంబులకొద్దీ పోయాలి.

"నీళ్ళు కాస్త వేడిగానే ఉండాలమ్మాయ్. గోరువెచ్చగా పోస్తే బిడ్డకి నిద్రా పట్టదు, ఒళ్ళూ గట్టిపడదు."

"మరీ వేడైతే?"

"చెయ్యి పెట్టి చూసుకుంటాంగా. నీకెందుకు, నేనున్నాను."

సున్నిపిండి కూడా తెచ్చారు. ఏ ఎయిర్‌పోర్ట్‌లోనూ ఎవరూ ఆపనందుకు ఆవిడకి పెద్ద గర్వం.

ఒకరోజు తెల్లగుడ్డ మీద గోధుమరంగు చుక్కలు కనిపించాయి. "దారం రంగు దిగినట్టుంది" అన్నారు. దారం తెల్లదే. ఆ తర్వాత ఆవిడ వేళ్ళ మీద ఓ కన్నేసి ఉంచాను. ఎక్కువ రోజులు పట్టలేదు. ఏదో పెళ్ళి కబురు చెబుతూ చెబుతూ సూదిని గుడ్డలోంచి ఎడమచేతి వేలి చర్మంలోకి గుచ్చి, దారం కూడా లాగేశారు. కబురు ఆగలేదు. చెయ్యి ఎత్తబోతే గుడ్డ కూడా లేచాకే, వేలు బొంతకి కుట్టుకుపోయిందని ఆవిడకి తెలిసింది.

"అయ్యో, చూసుకోలేదు" అని కత్తెర అందుకున్నారు. ఆవిడ మొహంలో నొప్పి అన్నదే లేదు.

కొత్త ప్యాడ్ కుట్టాక మేము దాన్ని పరీక్షించేవాళ్ళం. ఇనప మూకుడు బాగా వేడిచేసి, దాని చెవిని ప్యాడ్‌తో పట్టుకుని ఎత్తి, వేడి ఎంతసేపటికి చేతికి తెలుస్తుందో చూడటం. ఆ రోజు ప్యాడ్ ఆవిడ ఒక్కరే కుట్టినది. మెరుపు పొర సూదికి అడ్డం పడుతోందని తీసేసి, రెండు చీరముక్కలు మాత్రమే పెట్టారు. నేను ఎత్తిన వెంటనే వేళ్ళు కాలి మూకుడు ధడాలున దించేశాను.

"ఏదీ, ఇలా తే" అని ఆవిడ అదే ప్యాడ్‌తో అదే మూకుడు ఎత్తారు. ఎత్తి పట్టుకుని నిలబడ్డారు.

"బానే ఉందిగా. వేడే తెలీట్లా. నీ చేతులే మరీ సుకుమారం. ఇంతకీ రాత్రికి బీరకాయ చేయనా, దోసకాయ చేయనా?"

ఆవిడ ఇంకా పట్టుకునే ఉన్నారు. బీరకాయ చేదుందేమో చూడాలంటున్నారు.

"అత్తయ్యా, కింద పెట్టండి."

"ఏం?"

"కింద పెట్టండి ముందు" అని అరిచాను. నేను ఆవిడ మీద గొంతు లేపడం అదే మొదలు. దించారు. వేలి చివరలు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. వాటిని ఒకసారి చూసుకుని, ఆ చెయ్యి కొంగు కింద పెట్టేసుకున్నారు.

పాలగిన్నె, సాంబారు గిన్నె, సూది, మూకుడు. నాకు అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆవిడకి షుగరు ఉందని అందరికీ తెలుసు, పొద్దునా సాయంత్రం మాత్రలు వేసుకుంటారు. కంప్యూటర్ ముందు కూర్చుని చదివితే, చాలాకాలం షుగరున్నవాళ్ళకి కాళ్ళలో, చేతుల్లో స్పర్శ పోవచ్చని ఉంది. మేమందరం చప్పట్లు కొట్టింది నైపుణ్యానికి కాదు, జబ్బుకి. అది తెలిసినప్పుడు నాకు మొదట కలగవలసింది జాలి. కలగలేదు. ఆవిడ చేతుల గురించి కూడా ఆలోచించలేదు. నాకు వచ్చిన మొదటి ఆలోచన స్నానం. ఆ చెయ్యి నీళ్ళలో పెట్టి, సరిపోయాయి అనుకుని, నా బిడ్డ మీద పోస్తారు. కడుపు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుండిపోయాను.

మా ఆయనతో కారులో చెప్పాను. ఇంట్లో చెప్పడానికి వీల్లేదు, మా అపార్ట్‌మెంట్ గోడలు అట్టముక్కలు.

"మీ అమ్మకి చేతుల్లో వేడి తెలియడం లేదు."

"ఎప్పుడూ అంతే. మా అమ్మ చేతులు స్ట్రాంగ్."

"స్ట్రాంగ్ కాదు. స్పర్శ లేదు. సూది గుచ్చుకున్నా తెలియలేదు."

"నువ్వు ఇంటర్నెట్‌లో చదవడం ఆపితే సగం ప్రాబ్లమ్స్ పోతాయి."

"రేపు బిడ్డకి నీళ్ళు పోస్తారు. వేడెంతో ఎలా తెలుస్తుంది?"

"నాకు, అక్కకి, మా కజిన్స్ అందరికీ పోసింది తనే. ఒక్కరికైనా ఏమైనా అయిందా? ఇంత దూరం ఆ ఒక్క పని కోసం వచ్చింది. నువ్వు పోయొద్దు అని నేను చెప్పాలా?"

"నేను చెబితే కోడలు అన్నదని అవుతుంది. కొడుకు చెబితే అవదు."

ఆయన రేడియో పెట్టారు. ఆ రేడియోను ఊడబెరికి కిటికీలోంచి పారేయాలన్నంత కోపం వచ్చింది.

ఇక పిచ్చి పట్టినట్టు కుట్టాను. మెరుపు పొర రెండేసి వేసి, దళసరిగా కుట్టి, అవెన్ పిడికి ఒకటి, ఫ్రిజ్ తలుపుకి ఒకటి, పొయ్యి పక్కన మేకులకి వరసగా, ఎటు చెయ్యి చాపినా ఒకటి తగిలేటట్టు వేలాడదీశాను. నేనుంటే ఆవిడ వాటిని వాడేవారు. గదిలోకి వెళ్తే గిన్నెల చప్పుడు విని, ఇప్పుడు వాడుతున్నారా లేదా అని చెవులు రిక్కించేదాన్ని.

ఒక మధ్యాహ్నం పొగ అలారం మోగింది. భారీ కడుపుతో ఎంత వేగంగా నడవగలనో అంత వేగంగా వెళ్ళాను. మా పొయ్యి కరెంటు చుట్టలది. కట్టేసిన కాసేపటికే చుట్ట నల్లబడిపోతుంది కానీ, అప్పటికీ కాలిపోతూనే ఉంటుంది. మంట కనబడని పొయ్యి ఆవిడ లెక్కలో ఆరిపోయినట్టే. దాని మీద ప్యాడ్ పెట్టి అటు తిరిగారు. అది అంటుకుంది. నేను వెళ్ళేసరికి అలారం కింద నిలబడి, రాజుకుంటున్న గుడ్డను అరచేత్తో అదిమి ఆర్పుతున్నారు. చేతిలోంచి లాక్కుని సింక్‌లో పడేశాను.

"ఏం కాలేదులే. ఆ డబ్బా ఎందుకు అంతలా కూస్తుంది?" అన్నారు.

మర్నాడు నాకు దోసె వడ్డిస్తుంటే అరచేతిలో బొబ్బ కనిపించింది. అప్పటికే చితికిపోయి ఉంది, అందులో దోసెల పిండి. చెయ్యి పట్టుకుని కుర్చీలో కూలేసి, కడిగి మందు రాశాను. షుగరున్నవాళ్ళకి పుండు పడితే ఏమవుతుందో కూడా చదివి ఉన్నాను కదా. ఆవిడకి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ పాత జబ్బులకి పనికిరాదు.

"నొప్పి లేదా మీకు?"

"లేదు" అన్నారు. వెంటనే సర్దుకుని, "అంటే, మరీ అంత లేదు. వాడితో అనకు, కంగారుపడతాడు."

అడగవలసింది అప్పుడే. నోటిదాకా వచ్చింది. అడగడానికి భయమేసింది. "నాకన్నీ తెలుస్తాయమ్మా" అని ఆవిడ ఒక్క మాట అనేస్తే, ఆ తర్వాత బిడ్డను ఆ చేతుల్లో పెట్టకుండా ఉండటానికి నా దగ్గర ఏ సాకూ మిగలదు. అడగకుండా ఉంటే కనీసం ఏదో ఒక సాకు వెతుక్కోవచ్చు. కట్టు కట్టి ఊరుకున్నాను.

నిప్పులు చెరిగే జులైలో అమ్మాయి పుట్టింది. హాస్పిటల్లో నర్సు, బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడవడమే, స్నానం వద్దు అంది. ఆ మాట పట్టుకుని కోర్టు ఆర్డర్‌లా ఇంట్లో అందరికీ వినిపించాను. రోజూ డైపర్ మార్చినప్పుడల్లా బొడ్డు వైపు చూసేదాన్ని. పిల్లల బొడ్డు ఊడితే తల్లులు సంతోషిస్తారు. నేను అది ఇంకొన్నాళ్ళు ఉండాలని దండం పెట్టుకున్నాను. అది ఊడిపోయింది.

వింతేమిటంటే, ఆ తర్వాత మా అత్తగారే తొందరపడలేదు. ఇవాళ మంగళవారం అన్నారు. మర్నాడు మోకాలు పట్టేసిందన్నారు. ఆ పై రోజు పిల్ల తుమ్మిందన్నారు. నేను ప్రతి సాకునూ ప్రసాదంలా కళ్ళకద్దుకున్నాను. మా ఆయనకే విసుగొచ్చింది. "ఏంటమ్మా, వచ్చిన దగ్గర్నుంచీ ఇదే కలవరించావు. నీళ్ళు పోయవేం? ఫోటోలు తీసి ఊరికి పంపాలి కదా" అన్నారు.

"రేపు పోస్తాలే" అన్నారావిడ.

మర్నాడు ఆయన ఆఫీస్‌కి వెళ్ళాక, నేను పిల్లకి పాలిచ్చి, కళ్ళు మూతలు పడి, కూర్చున్న చోటే నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి ఒళ్ళో పిల్ల లేదు. బాత్‌రూమ్‌లో నీళ్ళు పడుతున్న చప్పుడు. కుట్లు లాగుతున్నా గోడ పట్టుకుని పరిగెత్తాను. ఇవాళ చెప్పేస్తాను, ఏమనుకుంటే అనుకోనీ, జన్మలో నాతో మాట్లాడకపోతే మానేయనీ అనుకుంటూ తలుపు తోశాను.

టబ్‌లో చిన్న ప్లాస్టిక్ పీట వేసుకుని, చీర మోకాళ్ళదాకా ఎగ్గట్టి, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నారు. కాళ్ళ మీద నూనె రాసిన నా కూతురు, అటూ ఇటూ తల తిప్పుతోంది. పక్కన సగం నిండిన బకెట్, అందులో మగ్గు. నా కళ్ళు ముందు పిల్ల ఒంటి మీదికి వెళ్ళాయి. పొడిగా ఉంది. ఇంకా ఒక్క చుక్క పడలేదు.

"అత్తయ్యా, ఒక్క మాట" అన్నాను.

"తలుపు వేసి రా."

వేశాను.

"ఈ నీళ్ళలో చెయ్యి పెట్టు."

వంగి పెట్టాను. మణికట్టు మునిగేలోపే వెనక్కి లాక్కున్నాను. చర్మం ఎర్రబడింది. ఆవిడ బకెట్ వైపు చూడటం లేదు, నా మొహం వైపు చూస్తున్నారు. నేను చెయ్యి లాగడంతోనే మోకాళ్ళు పైకి తీసుకుని, పిల్లను రెండు చేతులతో గుండెకి హత్తుకున్నారు.

"అంతలా కాలుతున్నాయా?"

తలూపాను.

"నేను మూడుసార్లు పెట్టి చూశానమ్మాయ్. ఒకసారి వేడనిపించింది, ఒకసారి చల్లగా ఉన్నాయనిపించింది. నిజం చెప్పాలంటే ఏమీ అనిపించలేదు. చాన్నాళ్ళయింది తెలియడం మానేసి. పాలగిన్నె దించితే వాడు మురిసిపోతాడు. వాడికేమని చెప్పను? నీకు నెలలు నిండుతుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు." ఆవిడ ఏడవలేదు.

నేను కూర్చుని ఏడ్చాను. ఆవిడ మీద జాలితోనా, పిల్లకి ఏమీ కాలేదన్న ఊరటతోనా, ఇన్నాళ్ళు ఒకే ఇంట్లో ఒకే భయాన్ని చెరో మూలా దాచుకున్నందుకు వచ్చిన కోపంతోనా, ఇప్పటికీ చెప్పలేను. తర్వాత లేచి చన్నీళ్ళ టాప్ తిప్పాను. చాండ్లర్ ఎండాకాలంలో చన్నీళ్ళ టాప్‌లోనూ వేడినీళ్ళే వస్తాయి. ఫ్రిజ్‌లోంచి మంచినీళ్ళ జగ్గు తెచ్చి బకెట్‌లో వంచి, కలిపి, చెయ్యి పెట్టి చూశాను. హాయిగా ఉన్నాయి.

"ఇప్పుడు పోయండి అత్తయ్యా."

ఆవిడ మళ్ళీ కాళ్ళు చాపి, పిల్లను బోర్లా పడుకోబెట్టుకుని, మగ్గు అందుకున్నారు. అందుకుని ఆగిపోయారు.

"నువ్వు చెయ్యి తియ్యకు. నేను పోస్తున్నంతసేపూ నీళ్ళలోనే ఉంచు."

టబ్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి బకెట్‌లోనే ఉంచాను. ఆవిడ మగ్గు ముంచిన ప్రతిసారీ నా మొహం చూసి, ఆ తర్వాతే పోశారు.